చిట్టిదొరవారి పన్నెండక్షరాలు

చిట్టిదొరవారు ఆరో ఏట సింహాసనమెక్కి పన్నెండో ఏట దిగారు. ఆ ఆరేళ్ళూ వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఏడు కొట్టగానే ఆయన సామ్రాజ్యం ఇంటింటికీ విస్తరించేది. ఆ అరగంటసేపు పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా లేచి చూసే నాథుడుండేవాడు కాదు. ఆ రాజ్యం దండయాత్ర వల్లనో దాయాదుల కుట్ర వల్లనో కూలలేదు. పైపెదవి మీద మొలిచిన నూగుమీసం వల్ల కూలింది. మేకప్ మనిషి రెండు నెలలపాటు రోజూ బ్లేడు పట్టి ఆ తిరుగుబాటును అణచిచూశాడు. నిక్కరు కిందనుంచి ముందుకు పొడుచుకొచ్చే మోకాళ్ళను మాత్రం ఎవరూ అణచలేకపోయారు. ఒకానొక శుక్రవారం, కథలో ఆ పిల్లవాణ్ణి చదువు పేరు చెప్పి రైలెక్కించేశారు. ఆ రైలు ఇంతవరకూ ఏ స్టేషనులోనూ ఆగిన దాఖలా లేదు.

ఇప్పుడాయన వయసు ముప్పైతొమ్మిది. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే కొలువు. గెడ్డం యంత్రం మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చున్న మనిషికీ ఆయనకూ నడుమ దూరం జానెడు. నిలువెత్తు మనిషిలో ఎవరికీ కనిపించని చిట్టిదొర ఆ జానెడు దూరంలో మాత్రం అడపాదడపా పట్టుబడేవాడు.

"అయ్యో, మీరు... చిట్టిదొర కదూ!"

"కదలకండి. దీపం వంక చూడండి."

"అవునో కాదో చెప్పండి బాబూ."

"అవునండీ. ఎడమకన్ను మూసుకోండి."

"ఆ మాట ఒక్కసారి అనరూ? నా పుణ్యం కాదూ!"

"గొంతు బాగాలేదండీ."

ఇరవై ఏడేళ్ళుగా ఆయన గొంతు బాగాలేదు. ఇంత సుదీర్ఘమైన గొంతునొప్పిని ఇంత ఓపికగా భరించిన రోగి వైద్యశాస్త్ర చరిత్రలో మరొకడుండడు.

ఆ మాట సంగతి చెప్పాలి. ఆయన ఏలిన ఆ టీవీ సీరియల్లో అందరూ ఏడ్చేవారు. ఏడవనిది వంటమనిషి ఒక్కడే. అతడికి రచయిత మాటలే రాయలేదు. ఎవరి కంట నీరు తిరిగినా చిట్టిదొర పరుగున వచ్చి, మెడ కాస్త వాల్చి, కళ్ళు ఇంతింత చేసుకుని అనేవాడు: "నేనొచ్చేశాగా, ఇంకా ఏడుపెందుకు?" ఈ మహావాక్యం పెన్సిలు పెట్టెల మీద అచ్చయింది. ఆలస్యంగా ఇల్లు చేరిన మొగుళ్ళు గుమ్మంలోనే దీన్ని ప్రయోగించి గండం గట్టెక్కారు. జనమంతా అన్న ఆ మాటను జన్మలో ఒక్కసారి కూడా అనని వాడు ఒకే ఒక్కడు, చిట్టిదొర.

కారణం ఉంది. ఆయనకు ముఖం అబ్బింది గాని మాట నిలిచేది కాదు. మొదటివారంలోనే ఒక ఉదయమంతా ఒకే వాక్యంతో కుస్తీపట్టి ఓడిపోయిన దర్శకుడు కుర్చీలోంచి లేచి శాసనం జారీచేశాడు: "ఒరేయ్, నీ మాటలకో దండం. అంకెలు చదువు. మొహం మాత్రం నాకియ్యి." అంకెలకు పెదవులు కదిలితే చాలు. వేరే రోజున, వేరే భవనంలో, ఎవరో ఒకరు ఆ పెదవులకు మాటలు తొడుగుతారు. మహావాక్యానికి కొలత ఐదు. ఒకటి, రెండు అనేటప్పటికి 'నేనొచ్చేశాగా' అయిపోతుంది. మూడు, నాలుగు, ఐదు అంటే 'ఇంకా ఏడుపెందుకు'. అక్షరాలు పన్నెండుకు పన్నెండు. ఛందస్సు తెలిసిన పండితుడు కూడా వంక పెట్టలేడు. లెక్క తప్పకుండా చిట్టిదొర వీపు వెనక బొటనవేలితో వేలికణుపులు నొక్కుకునేవాడు. ఆ విధంగా ఒక తరం కన్నీళ్ళన్నీ ఒకటో తరగతి లెక్కలతో తుడవబడ్డాయి.

రాజ్యం పోయినా లెక్క పోలేదు. తండ్రి పోయిన రోజున పరామర్శకు వచ్చినవాళ్ళ ముందు ఆయన ముఖం ఉండవలసినట్టే ఉంది. వేళ్ళు మాత్రం కణుపులు నొక్కుతూనే ఉన్నాయి. నాలుగేళ్ళు కాపురం చేసిన భార్య వెళ్ళిపోతూ గొంతైనా పెంచలేదు. "మీతో నాకు గొడవేం లేదండీ. నేనంటే ఇష్టమని మీరు చెప్పినప్పుడు కూడా, ఆ మాట వెనకనించి ఇంకెవరో అంటారని చూస్తున్నట్టుంటారు. నాకది భయంగా ఉంది" అంది. దానికి ఆయన దగ్గర మంచి జవాబే ఉంది. కొలత చూసుకుంటే ఎనిమిది వచ్చింది. చూసుకునేలోగా బండి వీధి మలుపు తిరిగిపోయింది.

ఆపైన ఆయన నివాసం కుట్టుపని దుకాణం మీది రెండు గదులు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. రెండో కుర్చీ ఉండేది గాని, దానిమీద ఇస్త్రీ బట్టలు కాపురం పెట్టాయి. టీవీ లేదు. పదవీచ్యుతులు పాత కోటవైపు చూడకపోవడమే మర్యాద. పగలల్లా కింద మిషను చప్పుడు వినిపించేది. ఆదివారాలు అదీ ఉండదు.

అటువంటి రోజుల్లో ఛానలు నుంచి కబురొచ్చింది. ఫోనులో మాట్లాడింది కార్యక్రమాలు చూసే అమ్మాయి.

"సర్, మా ఛానల్ వార్షికోత్సవం. పాత సీరియల్ కుటుంబాన్నంతా స్టేజీ ఎక్కిస్తున్నాం, లైవ్‌లో. మీ అమ్మగారు... అదే, సీరియల్ అమ్మగారు ఏడుస్తారు. మీరొచ్చి ఆ డైలాగ్ చెప్తారు. హాలు హోరెత్తిపోవాలి!"

"నేను చెప్పాలా?"

"అబ్బే, మీకేం కష్టం లేదు సర్. పాత టేప్ వేసేస్తాం. మీరు పెదాలు కదిపితే చాలు."

చిట్టిదొరవారికి ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి కోపం వచ్చింది. దాని ఆనవాలు మరిచిపోయినందున మొదట ఎక్కిళ్ళనుకున్నారు.

"నేనే చెప్తాను. నా గొంతుతో."

"గొంతు... ఇప్పుడు పెద్దగొంతు కదా సర్?"

"పెద్దవాణ్ణయ్యాను కదమ్మా."

"సరే సర్, రిహార్సల్లో చూద్దాం" అంది ఆ అమ్మాయి.

ప్రతిజ్ఞ చేయడం తేలికే. ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి ఆ మాట అంటే, దుకాణంలో "రెండో వరుస చదవండి" అన్నట్టు వినిపించింది. పదిసార్లు అన్నా అంతే. అప్పుడు తోచింది: ఈ మాట అనడం తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆరేళ్ళు తన నోట మాట్లాడిన మనిషి. ఆడమనిషి అని మాత్రం తెలుసు. ఎన్నడూ చూడలేదు, పేర్లు పడేటప్పుడు ఆమె పేరు పడేది కాదు. కళ్ళజోడుకు వచ్చే విశ్రాంత సౌండు ఇంజినీరు ఒకాయన నంబరు ఇస్తూ నవ్వాడు: "ఫోన్ చేస్తే పాప ఎత్తిందని పెట్టేయకు. ఆవిడే ఆ పాప."

నిజమే. ఫోను చేసి వెళితే, తలుపు తీసినావిడకు డెబ్భై దాటాయి. గొంతుకు ఏడేళ్ళు నిండలేదు.

"చిట్టిదొరా! ఎంత పొడుగైపోయావురా!" అంది. ముసలి ముఖంలోంచి తన చిన్ననాటి గొంతు తనను పలకరించేసరికి ఆయన గుమ్మం పట్టుకున్నాడు.

"భయపడకు. అందరికీ ఇంతే. నిన్న పార్సిలబ్బాయి తలుపవతలనించి, 'పాపా, పెద్దవాళ్ళున్నారా?' అని అడిగాడు. 'లేరు నాయనా, అందరూ పోయారు' అన్నా. పాపం, బిస్కెట్ పొట్లం గుమ్మంలో పెట్టి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. తింటావా? ఆ పొట్లమే."

గదిలో మంచం, టీవీ, టీవీకి జానెడు దూరంలో ముక్కాలిపీట. ఆవిడ కళ్ళజోడు కాడకు దారం చుట్టి ఉంది. అద్దాలు గీతలు పడి మసకబారాయి. వృత్తిధర్మం ఊరుకోక ఆయన ముందు జోడు చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇందులోంచి ఏం కనిపిస్తోందండీ మీకు?"

"కావలసినవి కనిపిస్తాయిలే. వచ్చిన పని చెప్పు."

చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. "ఏదీ, అను" అంది. ఆయన అన్నాడు. ఆవిడ చూపు ఆయన ముఖం మీద లేదు, కుడిచేతి మీద ఉంది.

"లెక్కపెడుతున్నావు."

ఆయన చెయ్యి జేబులో దాచుకున్నాడు.

"నా దగ్గర దాస్తావేమిటి? ఆరేళ్ళు చీకటిగదిలో కూర్చుని నీ పెదాలు తప్ప ఇంకేం చూశాను! ఒక్కో ముక్క ముప్పైసార్లు తిప్పి వేసేవారు. మీ అమ్మకన్నా నేనే నిన్నెక్కువ చూసుంటాను. జలుబు చేస్తే ఏడు మింగేసేవాడివి. ఆకలేస్తే లెక్క పరిగెత్తించేవాడివి. ఒకరోజు నాలుగు రెండుసార్లు అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. మూడక్షరాలు మిగిలిపోయాయి. డైరెక్టర్ కోసేద్దామన్నాడు. వద్దన్నాను. 'అమ్మా' అని రెండక్షరాలు, ఒక వెక్కు, అలా సర్దేశాను. జనం దానికే ఎక్కువ ఏడ్చారట. ఏమైంది నాయనా ఆ రోజు? అడుగుదామంటే నువ్వు ఆ బిల్డింగు, నేను ఈ బిల్డింగు."

ఆయన పొట్లంలోంచి ఒక బిస్కెట్టు తీసి రెండుగా విరిచాడు.

"ఆ రోజు కథలో చిట్టిదొర పుట్టినరోజు. నిజంగా నాది కూడా. ఎవరికీ గుర్తులేదు. కేకు మాత్రం పెద్దదే. కోయబోతే థర్మోకోలు."

ఆవిడ లేచి, అక్కర లేకపోయినా కిటికీ తెర సవరించి వచ్చింది. ఆ తరువాత పాఠం మొదలైంది.

మూడు ఆదివారాలు సాగిన ఆ గురుకులవాసంలో గురువు వేళ్ళు శిష్యుడి వేళ్ళను గట్టిగా పట్టుకునేవి. "ఎవరితో అంటున్నావో వాళ్ళని చూడు. లెక్క వాళ్ళ కళ్ళల్లో ఉంటుంది, నీ వేళ్ళల్లో కాదు." మూడో ఆదివారం ఆయన అన్న మాట విని ఆవిడ తలుపు వైపు తిరిగింది, ఎవరో వచ్చారనుకుని. అంతకుమించిన పట్టా ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వదు. వెళ్ళేటప్పుడు ఆయన ఆవిడ చూపు కొలతలు రాసుకున్నాడు, కొత్త జోడు చేయిస్తానని.

రిహార్సల్లో మాట దివ్యంగా వచ్చింది. చెవులకు యంత్రాలు తగిలించుకున్న దర్శకుడు "సూపర్ సర్" అన్నాడు. అటు తిరిగి, "ఎందుకైనా మంచిది, టేప్ రెడీగా పెట్టండి" అన్నది ఆయన చెవిన పడలేదు.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. సీరియల్ అమ్మగారు ఎక్కడా తడబడకుండా ఏడ్చారు. ఆవిడ వృత్తినైపుణ్యానికి వయసు అంటలేదు. ఆయన పరుగున వచ్చాడు. ముప్పైతొమ్మిదేళ్ళ పరుగు కాబట్టి దాన్ని నడక అనాలి. మెడ వాల్చాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరిని ఎక్కడో గాజుగదిలో ఎవరో సందేహమనుకున్నారు.

"నేనొచ్చేశాగా..." అని హాలంతా మోగింది ఏడేళ్ళ గొంతు.

నోరు మూసేసుకోవచ్చు. గట్టిగా తన మాట తాను అనేయవచ్చు. ఇవన్నీ తరువాత తట్టినవి. ఆ క్షణాన ఆయన పెదవులు, పాత నౌకర్లు పాత యజమాని పిలుపు విన్నట్టు, వాటంతటవే లేచి వెళ్ళి కొలువులో నిలబడ్డాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. టేపు ఆగిపోయింది, పెదవులు ఇంకా కదులుతున్నాయి. హాలు హోరెత్తింది. సీరియల్ అమ్మగారు ఆయన్ను కావలించుకుని, "ఏం మారలేదురా నువ్వు!" అన్నారు. కార్యక్రమాల అమ్మాయి బొటనవేలెత్తి చూపింది. సన్మానంగా ఇచ్చిన శాలువా, చిట్టిదొర బొమ్మ ఉన్న ఫలకం తెచ్చి ఆయన రెండో కుర్చీ మీద ఇస్త్రీ బట్టలపైన పెట్టాడు. ఆదివారం కాబట్టి కింద మిషను చప్పుడు లేదు.

మర్నాడు దుకాణంలో ఫోను మోగింది.

"నాలుగు రెండుసార్లు అన్నావు" అంది ఏడేళ్ళ గొంతు.

ఆయన ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"సౌండు తీసేసి చూశాను. నీ గొంతుతో నువ్వే అంటానన్నావుగా, పెదాల్లోనే విందామని. ముక్కు టీవీకి ఆనించి మరీ చూశా. నీ గొంతు కాదని తెలిసిపోయింది. ఒకటి, రెండు... నాలుగు, నాలుగు. ఆ మూడక్షరాలకూ ఇక్కడినుంచి నేనే సర్దాను. ఎవరికి వినిపిస్తుందిలే. ఒక్కదాన్నే కూచుని..."

అంతలో ఏడ్చేసింది. ఆవిడ ఏడుపు కూడా ఏడేళ్ళదే. ఎక్కడో తప్పిపోయిన పిల్ల ఏడ్చినట్టుంది.

యంత్రం మీద గెడ్డం ఆనించుకున్న పెద్దమనిషి "దీపం ఎటుందండీ?" అని అడుగుతున్నాడు. "మీరు రేపు రండి, ఈ కళ్ళు ఎక్కడికీ పోవు" అని ఆయన లేచాడు. కొత్త జోడు ఉదయమే తయారై వచ్చింది. ఒక చేతిలో ఆ పెట్టె, మరో చేతిలో దారిలో కొన్న కేకు. వేలు గుచ్చి చూశాడు, నిజమైనదే.

తలుపు తీసినావిడ ముఖమంతా తడి. గీతల అద్దాల వెనక కళ్ళు వాచి ఉన్నాయి. ఆయన రెండు చేతులూ నిండి ఉన్నాయి. కణుపులు నొక్కడానికి ఒక్క వేలు కూడా ఖాళీ లేదు.

"నేనొచ్చేశాగా" అన్నాడు.

గొంతు బొంగురుగా, కాస్త పెళుసుగా ఉంది. ఇరవై ఏడేళ్ళు వాడని గొంతు అలాగే ఉంటుంది. మిగిలిన ఏడక్షరాల కోసం ఆవిడ ఒక్క క్షణం అలవాటుగా ఆయన పెదవుల వంక చూసింది. అవి కదలలేదు. ఆవిడ దారం చుట్టిన జోడు తీసేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి దారిచ్చింది.