ఊఁ కొట్టే ఉద్యోగం

నర్సమ్మకి ఆసుపత్రిలో పదకొండేళ్ళ అనుభవం. సూది చూసి బిక్కచచ్చిన పోలీసుల్ని కూడా మాటల్లో పెట్టి పని కానిచ్చేసిన మనిషి. జపాన్ వచ్చాక కొట్లో సబ్బు కావాలంటే చేతులు రుద్దుకుని చూపించాల్సి వచ్చింది. జపనీస్ పరీక్ష పాసయ్యేదాకా ఆసుపత్రి గడప తొక్కనివ్వరు. ఈలోగా ఏ పనైనా సరే, ఒకేచోట ఆరు నెలలు చేసినట్టు కాగితం చూపిస్తే, అక్క దగ్గర వదిలివచ్చిన ఎనిమిదేళ్ళ కూతుర్ని తెచ్చుకోవచ్చు. ఆ కాగితం కోసం ఆవిడ పాకీపనికైనా సిద్ధమే.

పనులు కుదిర్చే ఆవిడ తెలుగావిడే.

"ఒక ముసలావిడ ఇల్లు. పొద్దున ఊడ్చి తుడవాలి. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆవిడ మాట్లాడుతుంది, నువ్వు ఎదురుగా కూర్చుని వినాలి. ఆగినప్పుడల్లా అవుననాలి. అంతే."

"నాకు పావువంతు కూడా అర్థం కాదండీ."

"అందుకే నువ్వు. భాష వచ్చినవాళ్ళు వద్దంది. ముందున్న అమ్మాయి పరీక్ష పాసైన వారమే మానేసింది."

"ఎందుకటా?"

"నాకేం తెలుసు తల్లీ. మంచి ఉద్యోగం దొరికుంటుంది."

ముసలావిడ కూర్చునే గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు, గోడవారగా ఒక పిల్లల కుర్చీ. అందులో ఎవరూ కూర్చోరు. అయినా దాన్ని రోజూ తడిగుడ్డతో తుడవాలని ముసలావిడ వేలితో చూపించింది.

పని మాత్రం నర్సమ్మకి వెన్నతో పెట్టిన విద్య. అమ్మమ్మ కథలకి ఊఁ కొట్టి పెరిగింది. తన కూతురు తన కథలకి ఊఁ కొట్టేది. నిద్ర ముంచుకొస్తుంటే ఆ పిల్ల చివరి ఊఁ సాగి సాగి గురకలో కలిసిపోయేది. ఇక్కడ వాళ్ళ భాషలో అవునని మొదలుపెట్టిన నర్సమ్మ, వారం తిరక్కుండా ఊఁ లోకి దిగిపోయింది. ముసలావిడకి అది తెగ నచ్చింది. పెదాలు కదపకుండా తనూ రెండుసార్లు అని చూసుకుంది.

నెలలు గడిచాయి. నర్సమ్మ పొద్దున్నే లేచి పాఠాలు బట్టీపట్టేది. ఐదో నెల దాటాక, చాటలో చెరిగితే రాళ్ళు వేరైనట్టు, ముసలావిడ మాటలు ఒక్కొక్కటే విడివడసాగాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అన్నీ అర్థమయ్యాయి.

ముసలావిడ కథలు చెప్పడం లేదు. అడుగుతోంది.

"మీ పాపకి పైపన్ను ఊడింది కదా?"

"ఆ కుర్చీ సరిపోతుంది కదా?"

"పాపని నాకే ఇచ్చేస్తావు కదా?"

అర్థం బుర్రకెక్కేలోపే అలవాటుపడ్డ నోరు ఊఁ అనేసింది.  తనకి కూతురుందని ఆ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేంత భాషే రాలేదు.

నాలుగు కొట్టగానే వీధిలోకి వచ్చి అక్కకి ఫోన్ చేసింది. కూతురే ఎత్తింది.

"అమ్మా, నా పైపన్ను ఊడిందిగా. ఇంకా ఎవ్వరికీ చెప్పలేదు, మామ్మకి తప్ప."

"ఏ మామ్మే?"

"కుర్చీ మామ్మ. సెలవులిచ్చిన దగ్గర్నుంచి, పొద్దున అన్నం తిని మళ్ళీ పడుకోగానే వస్తుంది. ఏం చెప్తుందో నాకేం తెలీదు. ఆగినప్పుడల్లా ఊఁ కొడతాను. పెద్దవాళ్ళు చెప్తుంటే ఊఁ కొట్టకపోతే తప్పని నువ్వే అన్నావుగా."

"ఇంక కొట్టకు."

"నిద్దట్లో దానంతటదే వచ్చేస్తుందమ్మా."

కాగితానికి ఇంకా మూడు వారాలు తక్కువ. కాగితం పోతే పోయింది, పిల్ల మిగిలితే చాలనుకుంది నర్సమ్మ. మర్నాడు దారి పొడుగునా ఒకే ఒక్క మాట వల్లెవేసుకుంటూ వెళ్ళింది. రెండింటికి కుర్చీలో కూర్చుంది.  ముసలావిడ అన్నీ వరసగా అడిగి, చివరిది కూడా అడిగి, ఆగింది.

"ఇవ్వను," అంది నర్సమ్మ జపనీస్‌లో. మాట ఎక్కడా తడబడలేదు.

ముసలావిడకి కోపం రాలేదు. మెచ్చుకోలుగా తలాడించింది.

"భాష బాగా వచ్చేసింది నీకు. రేపట్నుంచి రానక్కర్లేదు. నీ కాగితం మీద సంతకం పెట్టి ఉంచాను, తీసుకువెళ్ళు."

తర్వాత కుర్చీలో మెల్లగా పక్కకి తిరిగింది. గోడవారగా ఉన్న చిన్నకుర్చీని చూస్తూ, అదే గొంతుతో, "నువ్వు నా దగ్గరికే వచ్చేస్తావు కదా?" అని అడిగి ఆగింది.

నర్సమ్మ రెండు చేతులతో నోరు నొక్కుకుంది. ఊపిరి కూడా వదల్లేదు.

చిన్నకుర్చీ దగ్గర, నిద్ర ముంచుకొస్తున్న గొంతు ఒకటి, సాగదీస్తూ ఊఁ కొట్టింది.