చుట్టకుదురు

బకెట్ నెత్తికెత్తుకునే ముందు రాహేలు కొంగును నాలుగు మడతలు వేసి తలమీద పెట్టుకుంది. అది జారుతోంది. అమ్మమ్మ నాటి చుట్టకుదురు ఉంటే ఇంత తిప్పలుండేది కాదు. ఫోటో తీసి ఇచ్చేస్తానని స్నిగ్ధమ్మ పట్టుకుపోయి నెలలైంది.

యూనివర్సిటీలో ఈ పాత రాతి భవనాన్ని పెళ్లయిన ఏడాది నుంచీ ఊడుస్తోంది రాహేలు. దీనికి రాళ్లు మోసినవాళ్లలో ఆమె అమ్మమ్మ ఒకతె. ఇప్పుడు దాన్ని బాగుచేసి, వెనక అద్దాల మేడ కట్టి, రెంటినీ కలిపారు. ఆ పని చూసిన ఆర్కిటెక్టు స్నిగ్ధ తార్నాక పిల్ల. మెట్లమీద రాహేలు పక్కనే కూర్చుని, ఆమె గిన్నెలోని పచ్చడన్నం తింటూ కబుర్లు చెప్పించుకునేది. ఆ చనువుకే రాహేలు కరిగిపోయింది. మెట్ల కింద తను చీర మార్చుకునే చిన్న గదిని కూడా చూపించింది.

"అది నీకే ఉంచుతా పెద్దమ్మా. నువ్వు లేకుండా ఈ బిల్డింగేంటి?" అంది స్నిగ్ధ.

ఇవాళ ప్రారంభోత్సవం. అడ్డుకట్టిన రేకులు పొద్దునే విప్పారు. గది లేదు. అక్కడ లిఫ్టు తలుపులు మెరుస్తున్నాయి.

"రేపటి సంది కొత్త కంపెనీవాళ్లు ఊడుస్తరు. నువ్వు రాకు రాహేలమ్మా," అన్నాడు సూపర్‌వైజర్ కృష్ణ.

"స్నిగ్ధమ్మకు ఎరుకేనా?"

"ఎరుక లేకుంట అయితదా? యూనిఫారమోళ్లే ఉండాలని ఆమెనే చెప్పింది."

అతిథులకు గోడలు చూపిస్తున్న స్నిగ్ధ దగ్గరికి నేరుగా వెళ్లింది రాహేలు. "బిడ్డా, గా గది నేనే గద నీకు చూపిచ్చింది?"

"తర్వాత మాట్లాడదాం పెద్దమ్మా, గెస్టులున్నారు," అంటూ స్నిగ్ధ అటు తిరిగిపోయింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. రాహేలుకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కూలి ఇచ్చేవాళ్లు మోసం చేయడం ఆమెకు కొత్త కాదు. తన గిన్నెలో చెయ్యిపెట్టి తిన్న పిల్ల చేస్తుందని మాత్రం అనుకోలేదు.

బయటికి పోతూ హాల్లో ఆగింది. అద్దాల పెట్టెలో, దీపం వెలుగులో ఉంది చుట్టకుదురు. చెయ్యి చాచింది.

"ముట్టొద్దమ్మా!" అన్నాడు గార్డు.

"గా కుదురు నాదే."

"నీదైతే గాడెందుకుంటది?"

రాహేలు బకెట్ గోడ వారగా పెట్టి, వెనక గేటు దాటి, లాలాపేట్‌లోని ఇంటి దారి పట్టింది. రేపు ఆమె రాదు.

పెట్టె మీద 'తొంభై ఏళ్ల నాటి కూలీల వస్తువు' అని రాసి ఉంది. లోపల చుట్టకుదురుకు, మొన్న క్రిస్మస్‌కు రాహేలు తన చిరిగిన చీర నుంచి చించి చుట్టిన ఆకుపచ్చ పేలిక ఇంకా వెలిసిపోలేదు.