గోడలో దొరికిన మొదటి సంచిక

‘సాయ్ అవాజీ’ పత్రికను ఖోకంద్ ఊళ్లో ఎవరైనా ఒక్క మాటంటే జుల్‌హుమార్ ఒంటికాలి మీద లేస్తుంది. లేవదూ మరి! ఆ దినపత్రికకు ఇప్పుడు ఆమే సంపాదకురాలు, దాన్ని పుట్టించినవాడు ఆమె తాత ఒలిమ్‌జాన్. యుద్ధంలో కాగితం దొరక్కపోతే చక్కెర సంచుల కాగితం మీద అచ్చేసిన పత్రిక అది. లిపి మార్చమని పైవాళ్లు హుకుం జారీ చేసినప్పుడల్లా తానూ మారి, ఊరందరి చేతా మళ్లీ ఓనమాలు దిద్దించింది. అలాంటి పత్రిక ఇంకెక్కడైనా ఉంటే చూపించమనండి.

కానీ వందేళ్ల పండుగకు దాని చరిత్ర రాద్దామని కూర్చుంటే కలం మొదటి పేజీలోనే ఆగిపోయింది. సర్కారువాళ్లు తాతను పట్టుకుపోయి తిరిగి పంపని ఆ రోజుల్లో పాత అరబ్బీ లిపి కాగితం ఇంట్లో కనబడితే తలమీదికొచ్చేది. భయంతో ఊరంతా ఆ కాగితాలను పొయ్యిలో పెట్టేసింది, పత్రిక ఆఫీసువాళ్లు కూడా. తాత ఫొటో లేదు, సమాధి లేదు, రాసిన ముక్క ఒక్కటీ మిగల్లేదు. ఆయన మాట ఎలా ఉండేదో ఆమె తండ్రికే తెలియదు. ఒక్క వాక్యం దొరికితే చాలని ఆమె తట్టని తలుపు లేదు పాపం.

ఆ వసంతంలో వానకు వాగొడ్డున షరోఫత్ అవ్వ ఇంటి మట్టిగోడ కూలింది. లోపల సందుల నిండా కాగితాలే. అవ్వ అత్తగారికి చదువు రాదు. ఆ అరబ్బీ లిపిలో ఏం కనబడినా ఖురాను ముక్కేననుకునేది. కాలి కింద పడకూడదని కళ్లకద్దుకుని గోడలో దోపేది. చెడ్డరోజులు రాగానే పైన మట్టి మెత్తేసింది. ఇప్పుడు అవ్వ వాటిని శుభ్రమైన గుడ్డలో మూటగట్టి, పవిత్రమైన కాగితాలను పారే నీటిలో వదలాలి కదా అని, మసీదు ఇమామును పిలిపించింది. దొమ్లా అంటారు ఆయన్ని అందరూ.

కబురు వినగానే జుల్‌హుమార్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తుకొచ్చేసరికి దొమ్లా మూట పట్టుకుని నీళ్లలోకి వంగుతున్నాడు. ఆగమని చెయ్యి అడ్డం పెట్టింది. అవి తమ పత్రికలేమో, ఒక్కసారి విప్పి చూడమని బతిమాలింది.

“దేవుడి మాటను పట్టుకుని పత్రికంటావేంటే, నోరు కడుక్కో,” అంది అవ్వ.

దొమ్లా విప్పాడు. ముఖం మారిపోయింది. “అవ్వా, ఇందులో దేవుడి మాట ఒక్కటీ లేదు.”

అవ్వ కూలిన గోడ వైపు తిరిగింది. తన అత్త బతికినన్నాళ్లూ ఆ గోడకెదురుగానే నమాజు చేసిందని గొణిగింది.

అన్నిటికంటే అడుగున ఉన్నది మొదటి సంచికనీ, దాని నెత్తిన ఒలిమ్‌జాన్ పేరుందనీ దొమ్లాయే చెప్పాడు. జుల్‌హుమార్‌కు ఆ లిపి రాదు. సంపాదకురాలై ఉండీ తాత అక్షరం చదవలేకపోవడం ఎంత సిగ్గుచేటు! దొమ్లానే చదివిపెట్టమంది. ఆయన కళ్లతోనే చదువుకుని నసిగాడు.

“వద్దులేమ్మా. మా ముల్లాలనే తిట్టాడు.”

“ఆ తిట్లే చదవండి దొమ్లా గారూ. మా తాత మాట నేనెప్పుడూ వినలేదు.”

కూలిన గోడ మట్టి ఎత్తే కూలీలు చుట్టూ మూగారు. ఆయన ఒక్క ముక్క తప్పించి చదివినా, మూట చేయిజారిందన్నా అడిగేవాడు లేడు. అయినా మహానుభావుడు, మసీదులో చదివినట్టే గొంతెత్తి చదివాడు. పేదవాడి చావుభోజనంలో మాంసం ముక్క ఎంతుందో చూసే తలపాగా, వాడి పొలానికి రావలసిన నీళ్ల వంతు ఎవరు మింగారో ఎందుకు చూడదని తాత నిలదీశాడు. ఎదుటి పళ్లెం మీద చూపు, పక్కింటి ఆకలి మీద నిద్ర అన్నాడు. కూలీలు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నారు. జుల్‌హుమార్ నవ్వుతూనే ఏడ్చింది. ఆ వెటకారం అచ్చం తన తండ్రిదే, తనదే.

చదవడం అయ్యాక దొమ్లా పత్రికను జాగ్రత్తగా మడిచాడు.

“ఉతికి ఆరేశాడమ్మా. అబద్ధం ఒక్కటీ లేదు. ఈయన సమాధి ఎక్కడ?”

“తెలియదు.”

“ఆయన పేర ఖురాను ఎవరైనా చదివారా?”

“ఎవరు చదువుతారు? చదివినవాళ్లనీ పట్టుకుపోయేవారు.”

దొమ్లా పత్రికను ఆమె చేతికిచ్చి వాగొడ్డునే మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూలీలు పారలు పక్కన పెట్టి ఆయన వెనక కూర్చున్నారు. ఆయన అరచేతులు పైకెత్తి, తమను తిట్టిన ఆ మనిషి పేరు పైకి పలికి, చనిపోయినవాళ్ల కోసం చదివే ఖురాను మాటలు చదవడం మొదలుపెట్టాడు. జుల్‌హుమార్ పత్రికను ఒళ్లో పెట్టుకుని తానూ చేతులెత్తింది.