పాత వెర్షన్‌లో వచ్చిన అంకె

ఆసుపత్రిలో అందరూ ఆమెను లెక్కలమ్మ అనే పిలిచేవారు. తొమ్మిదేళ్ళుగా పరిశోధన విభాగంలో గణాంకాల పని ఆమెది. మూడో అంతస్తు చివర కిటికీ లేని గది, అందులో ఒక కంప్యూటర్, ఆ కంప్యూటర్‌లో ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషవి మూడు వెర్షన్లు. ఎనిమిదేళ్ళ నాటిది ఒకటి, మధ్యలో వచ్చింది ఒకటి, నిరుడు వేసింది ఒకటి. ఒక్కోదాని ప్యాకేజీలు, అంటే దానికి తోడుగా వేసుకునే చిన్న ప్రోగ్రాములు, ఒక్కో ఫోల్డర్‌లో ఉండాలి. ఒకదాని సామాను ఇంకోదానికి తగిలిందా, రెండూ మొరాయిస్తాయి. ఏ రిపోర్టుకు ఏ వెర్షన్‌లోకి మారాలో ఆమెకు కంఠతా వచ్చు. ఇంకెవరికీ రాదు. అదే ఆమె మెడకు చుట్టుకుంది.

భర్తకు వేరే ఊరు బదిలీ అయి ఏడాదైంది. ఏడేళ్ళ కూతురిని అక్కడి బళ్ళోనే వేశారు. చివరికి ఆమెకూ ఆ ఊళ్ళో ఉద్యోగం దొరికింది. చేరడానికి పది రోజులే గడువు. రాజీనామా తీసుకున్న డైరెక్టర్, రిలీవింగ్ ఆర్డర్ మీద మాత్రం సంతకం పెట్టలేదు.

"మీరెళ్ళిపోతే ఆ పాత లెక్కలు ఎవరు నడుపుతారమ్మా? కొత్త కంప్యూటర్లలో ఆ పాత వెర్షన్ ఎక్కడం లేదంటున్నారు. అన్నీ కొత్తదాంట్లోకి మార్చండి. పాతదాంట్లో వచ్చిన అంకే కొత్తదాంట్లోనూ రావాలి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించండి, అక్కడే సంతకం పెట్టేస్తాను."

అదెంత పని అనుకుంది లెక్కలమ్మ. అన్నిటికంటే పెద్దదైన క్యాజువాలిటీ రిపోర్టుతో మొదలుపెట్టింది. రోగి వచ్చాక డాక్టర్ చూసేదాకా ఎన్ని నిమిషాలు ఆగాడు, తర్వాత ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, ఈ రెండిటికీ సంబంధం ఉందా అన్నది అందులో ప్రశ్న. లేదని తేల్చింది అప్పట్లో ఆమే. ఆ మాట పట్టుకునే క్యాజువాలిటీలో రెండో డాక్టర్ పోస్టు ఎత్తేశారు.

కొత్త వెర్షన్‌లో నడిపితే సంబంధం ఉందని వచ్చింది. ఏదో కొద్దిగా కాదు, గట్టిగానే ఉంది. ఆగిన సమయం పెరిగేకొద్దీ మంచం మీద రోజులూ పెరిగాయి.

ప్యాకేజీలు సరిగా ఎక్కలేదేమో అనుకుని అన్నీ తీసేసి మళ్ళీ వేసింది. పాతదానికి మారితే లేదంది, కొత్తదానికి మారితే ఉందంది. రెండు రోజులు అటూ ఇటూ మారుస్తూనే ఉంది. బయటికి వెళ్ళి టీ తాగొద్దామన్నా కాళ్ళు కదల్లేదు. గోడలు రోజుకో జానెడు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది.

మూడో రోజు పొద్దున రెండు వెర్షన్లూ చదివిన నిమిషాలను అచ్చు తీసి, పెన్సిల్‌తో వరసగా పోల్చింది. పాతదాంట్లో, వంద నిమిషాలు ఆగిన మనిషికి ఎదురుగా 3 అని ఉంది. తొమ్మిది నిమిషాలు ఆగిన మనిషికి ఎదురుగా 181.

పెన్సిల్ కింద పెట్టేసింది.

నిమిషాలు రాయాల్సిన చోట ఎవరో నాలుగైదు గడుల్లో 'తెలియదు' అని టైపు కొట్టారు. ఆ ఒక్క మాటతో వరస మొత్తం అక్షరాల కింద లెక్కైంది. పాత వెర్షన్ అక్షరాలను తనంతట తానే రకాలుగా విడదీసి, నిఘంటువులో మాటల్లా 1, 10, 100 అని పేర్చి, వరస నంబర్లు ఇచ్చుకునేది. వాటిని అంకెల్లోకి మార్చమంటే నిమిషాలకు బదులు ఆ నంబర్లే చేతికొచ్చేవి. కొత్త వెర్షన్‌లో ఆ అలవాటు తీసేశారు. భాషను అనడానికి లేదు, ఇలా జరుగుతుందన్న హెచ్చరిక దాని సహాయం పేజీలో ఎప్పటినుంచో ఉంది. అది చదవకుండా, అంకెల్లోకి మార్చమన్న లైను రాసింది తనే.

కొత్త వెర్షన్ చేత పాత పద్ధతిలోనే చదివించడానికి ఒక మాట చేరిస్తే చాలు. చేర్చింది. దశాంశాలతో సహా పాత అంకే వచ్చింది. రెండు కాగితాలు తీసుకుని కిందికి దిగింది. కాళ్ళు ఇప్పుడు చురుగ్గా నడిచాయి.

డైరెక్టర్ మీటింగులో ఉన్నాడు. క్యాజువాలిటీ పక్కనే ఉన్న ఆయన గది ముందు కుర్చీలన్నీ క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళతో నిండిపోయాయి. ఒకావిడ మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, గోడగడియారాన్నీ డాక్టర్ తలుపునూ మార్చి మార్చి చూస్తోంది. అటుగా వచ్చిన పెద్ద నర్సు నవ్వుతూ ఆగింది.

"ఏం లెక్కలమ్మా, మమ్మల్నొదిలి పోతున్నావటగా? అదృష్టవంతురాలివి. స్వీట్లు పెట్టకుండా మాత్రం గేటు దాటనివ్వను."

"అక్కా, ఈయన ఎంతసేపట్నుంచి ఉన్నాడు?"

"గంటన్నరైంది. ఏం చెయ్యనమ్మా, డాక్టర్ ఒక్కరే. లోపల ఇంకో ఇద్దరున్నారు."

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. నిష్ఠూరమాడినా బాగుండేది. లెక్కలమ్మ వెనక్కి తిరిగి మళ్ళీ మెట్లెక్కింది. చేర్చిన మాటను కొట్టేసి, కొత్త కాగితం అచ్చు తీసి, మీటింగు ముగిసే వేళకు డైరెక్టర్ ముందు నిలబడింది.

ఆయన రెండిటినీ చూసి కనుబొమలు ముడిచాడు. "ఇవి కలవలేదేంటమ్మా?"

"పాతది తప్పండి. కొత్తదే నిజం."

"ఎవరు రాశారు పాతది?"

"నేనేనండి."

ఆయన కాగితాలు బల్ల మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ తప్పు ఇంకెక్కడైనా ఉందా?" అన్నాడు.

"పాత వెర్షన్ వాడిన రెండు మూడేళ్ళలో చేసిన అన్ని రిపోర్టుల్లోనూ ఆ తప్పు లైనే కాపీ చేశానండి."

"అయితే మిమ్మల్ని ఎలా పంపమంటారు? ఒక్కోటీ తవ్వి చూడాలి, పోస్టు ఎత్తేసిన కమిటీకి సమాధానం చెప్పాలి. మీరు తప్ప ఇక్కడ ఆ పని ఎవరికి తెలుసు?"

ఆమె తలుపు వైపు తిరిగింది. ఆ కొత్త కాగితం మాత్రం ఆయన బల్ల మీద నుంచి తీసుకోలేదు.

సాయంత్రం మెట్ల మలుపులో నిలబడి భర్తకు ఫోన్ చేసింది. అంతా విని ఆయన, "ఆ ఒక్క మాట అలాగే ఉంచేసి వచ్చేస్తే ఎవరికి తెలిసేది?" అన్నాడు.

"ఎవరికీ తెలిసేది కాదండీ."

అక్కడి ఉద్యోగం పది రోజులకు మించి ఆగదని ఇద్దరికీ తెలుసు. ఆయన, "సరేలే. ఏమైనా తిన్నావా?" అని అడిగాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. వెనక నుంచి కూతురు, "అమ్మ సోమవారం వస్తుందా?" అని అరుస్తోంది. ఫోన్ దానికిమ్మంది.

"లేదు తల్లీ. ఇంకా కొన్నాళ్ళు పడుతుంది."

"కొన్నాళ్ళంటే ఎన్ని?"

ఈసారి ఆమె నోటికొచ్చిన అంకె చెప్పలేదు. "చూసి చెప్తాను" అంది.

వారం తిరిగేసరికి కమిటీ కూర్చుంది. రెండో డాక్టర్ పోస్టు సంగతి వచ్చే మీటింగుకు వాయిదా వేసి, లెక్కల తనిఖీకి మాత్రం ఆర్నెల్లు గడువిచ్చింది. లెక్కలమ్మ ఆ ఉత్తర్వు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పాత వెర్షన్ తెరిచి, తర్వాతి రిపోర్టు మొదటి వరస చదవడం మొదలుపెట్టింది.