కుర్చీలు నింపినవాళ్లు

గల్ఫు దేశంలో, అద్లియాలోని ఒక హోటల్లో ఇరాన్ మీద సదస్సు పెట్టారు. వినేవాళ్లు దొరక్క, శుక్రవారం సెలవు కూడా లేకుండా కంపెనీ క్యాంపు నుంచి నలభైమంది కూలీలను బస్సెక్కించి తెచ్చి కుర్చీలు నింపారు. ఖర్చు కంపెనీదే కాబట్టి ముందు వరుసలో మేనేజరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

నర్సింలుకు ఇరాన్‌తో పనిలేదు. ఊళ్లో భార్య భూలక్ష్మికి సోమవారం ఆపరేషను. నెల రోజులుగా లీవు కోసం తిరుగుతున్నాడు. పాస్‌పోర్టు మేనేజరు బీరువాలో ఉంది. "ముందు సదస్సుకు రా, తర్వాత చూద్దాం" అన్నాడా మహానుభావుడు.

వేదిక మీద ప్రొఫెసరు గంటన్నర దంచాడు. ఆఫీసువాళ్ల కారు తోలి ఇంగ్లీషు వంటబట్టిన రషీద్ పక్కన కూర్చుని నర్సింలు చెవిలో ఊదుతున్నాడు.

"పేదోళ్ల పేరు చెప్పి ఆడి రాజు షాను దించిన్రంట. గిప్పుడు పెట్రోలు పైసలు ముల్లాలు, ఫౌజోళ్లే పంచుకుంటున్నరంట. అమెరికా ఆంక్షలతోని రొట్టె పిరమైందంట. అయినా పక్క దేశాలల్ల తుపాకులోళ్లను సాకుడు బంద్ జేస్తలేరంట. కూలోడు నోరు మెదిపితే లోపలేస్తరంట."

అబద్ధమేమీ కాదు. కానీ ప్రొఫెసరు గొంతులో ఆ కూలివాళ్ల మీద పొంగిన జాలి చూసి నర్సింలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత జాలీ సముద్రం దాటి పోతుందే గాని, ఎదుట కూర్చున్న నలభైమంది మీద చుక్కయినా రాలదేం! గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా.

చివర్లో ప్రశ్నలడగమన్నారు. మేనేజరు పురమాయించిన మనిషి లేవకముందే నర్సింలు లేచాడు.

"సార్, ఆడ కూలోడు పెండ్లాం పానం బాగలేక ఇంటికి పోవాల్నంటే ఎవర్నడగాలె?"

రషీద్ ఇంగ్లీషులో చెప్పాడు. ప్రొఫెసరు మురిసిపోయాడు. పైవాడి దయ మీద బతకాల్సిందేనన్నాడు, అదే ఆ రాజ్యం నీచత్వమన్నాడు.

"మా పైవాడు గీడనే కూసున్నడు సార్. నా పాస్‌పోర్టు ఇయ్యమని జర చెప్పుండ్రి."

రషీద్ కళ్లు మూసుకుని అదీ చెప్పేశాడు. ప్రొఫెసరు నీళ్లు తాగి, ఇది ఇవాళ్టి అంశం కాదన్నాడు. పేపరువాళ్లు చూస్తున్నారని మేనేజరు పళ్లికిలించి, "రేపే ఇస్తాం" అన్నాడు.

మాట తప్పలేదు. మర్నాడు పొద్దున్నే పాస్‌పోర్టు, టికెట్టు, వీసా క్యాన్సిల్ కాగితం కలిపి బల్ల మీద విసిరాడు. "ఖలాస్" అన్నాడు. పన్నెండేళ్ల నౌకరీ పోయింది. నర్సింలుకు ఏడుపొచ్చింది. వీడి ముందు ఏడవడమా అని మింగేశాడు.

బయటికొచ్చి, ఇంటికొస్తున్నానని ఫోన్ చేస్తే భూలక్ష్మి ముందు నమ్మలేదు. తర్వాత సంబరంగా అడిగింది.

"ఎన్ని దినాలిచ్చిన్రు లీవు?"

"మస్తు దినాలిచ్చిన్రు" అన్నాడు నర్సింలు. "ఇగ నువ్వు ఎల్లగొట్టెదాంక ఆడనే ఉంట."