జోగమ్మ పడవ పరీక్ష

మరోదా చెరువు రేవులో ఆ రోజు జోగమ్మకు పరీక్ష. కొత్త పడవను దూరాన నీళ్లలో పాతిన ఎర్ర జెండా గుంజ చుట్టూ తిప్పి, దెబ్బ తగలకుండా జెట్టీకి చేరిస్తే మత్స్యకార సంఘం కార్డు ఇస్తుంది. కార్డు లేకపోతే పడవ ముట్టుకోనివ్వరు. భీమిలి ఒడ్డున పుట్టిన మనిషికి, పెళ్లయి వచ్చాక నలభై ఏళ్లుగా ఉక్కు ప్లాంటువాళ్ల సెక్టర్ 7 క్వార్టర్లో బకెట్టు నీళ్లే సముద్రం. ఈ కార్డు కోసం రెండు రాత్రులు కన్ను మూయలేదంటే నమ్మండి!

"ఈ వయసులో నీకిదేం సరదా పిన్నీ? ఇంట్లో కూకుని సీరియల్ సూసుకోక!" అంటూనే సంఘం ప్రెసిడెంటు రాజాబాబు బూట్లతో సహా పడవెక్కాడు. పరీక్ష చూడాల్సింది తనే కదా!

ర్యాంపు మీద చక్రాల బండి, బండి మీద పడవ. అది మెల్లగా దిగేలా వెనక తాడు బిగపట్టినవాళ్లు నలుగురూ ప్లాంటులో రిటైరైనవాళ్లే. అందరికంటే ముందు జోగమ్మ మొగుడు నరసింగరావు, ముప్పై ఆరేళ్లు క్రేన్ నడిపిన మొనగాడు.

"నాను పట్టుకున్నానంటే ఉడుంపట్టే! భయపడకే," అన్నాడు పడవలో కూర్చున్న జోగమ్మతో, ఛాతీ విరిచి.

పడవ సగం దిగింది. సరిగ్గా అప్పుడే ప్లాంటు భోంపు, అదే సైరను, కూసింది. రెండు గంటలు, షిఫ్టు ఖతం!

ఏం చెప్పమంటారు! నలుగురూ ఠక్కున తాడు వదిలేశారు. నరసింగరావైతే చేతులు దులుపుకుని టిఫిన్ డబ్బా కోసం వెతికాడు కూడా. రిటైరై ఆరేళ్లయిన సంగతి ఆ చేతులకు ఎవరూ చెప్పలేదు.

పడవ జర్రున జారి చెరువులోకి దూసుకుపోయింది.

"బాప్ రే! పిన్నీ, సచ్చానే!"

"అరవకు నాయనా, కదలకు!" జోగమ్మ తెడ్డు అందుకుంది. నాలుగు తోపులకు పడవ బుద్ధిగా తల తిప్పింది. ఆమెకిక నవ్వు ఆగలేదు. చీర తడిసి, ముడి ఊడి, పకపకా నవ్వుతూ గుంజను చుట్టేసింది. సంతోషం పట్టలేక రెండోసారీ చుట్టింది.

"చాలు పిన్నీ! పాస్, పాస్!" అని రాజాబాబు మొత్తుకుంటే వింటేనా!

చివరికి జెట్టీకి వేలాడే పాత టైర్లకు పడవను మెత్తగా ఆనించి తాడు కట్టింది.

రాజాబాబు అక్కడే కార్డు తీశాడు. "పేరు జోగమ్మ. తండ్రి పేరో, భర్త పేరో ఒకటి రాయాలి. బాబాయి పేరు రాసేయనా?"

నరసింగరావు సిగ్గుపడుతూనే ముందుకొచ్చాడు. రేషను కార్డు మొదలు ఆస్పత్రి పుస్తకం దాకా ఆమె పేరు పక్కన ఉన్నది ఆయన పేరే మరి.

"మా అయ్య పేరు రాయి బాబూ, సింహాద్రి అని," అంది జోగమ్మ. "నాకు పడవ నేర్పినోడు ఆయన. తాడు ఒగ్గేసినోడు ఈయన."