ఎడమ పక్క నేను చూసుకుంటాను

మా అన్నయ్యకు ఎడమ పక్క కనబడటం లేదన్న సంగతి ఏ కళ్ళ డాక్టరూ కనిపెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో కూర్చుని తుపాకుల ఆట ఆడుతుంటే నేను కనిపెట్టాను. కనిపెట్టి ఏం ఉద్ధరించావమ్మా అంటారా, అదే చెప్పబోతున్నాను.

ముందు ఆట సంగతి. రెండు చేతుల్లో పట్టుకుని ఆడే చిన్న గేమ్ మిషన్లు మా ఇంట్లో నాలుగున్నాయి. అన్నయ్య, వదిన, మా ఆయన, నేను, నలుగురం ఒక దళం. శత్రువులు దాక్కున్న బిల్డింగులోకి దూరి ఒక్కో గదీ ఖాళీ చేసుకుంటూ పోవాలి. ఎవరి పక్క వాళ్ళే చూసుకోవాలి. రెండో పక్క ఇంకొకరు చూస్తున్నారని నమ్మి ముందుకు నడవాలి, అంతే. వదిన దూరం నుంచి కొడుతుంది. సూదిలో దారం ఎక్కించమంటే కళ్ళజోడు వెతుక్కునే మనిషి, ఆటలో మాత్రం గురి తప్పదు. మా ఆయన మందుల సంచి మోస్తాడు. అందరికీ ప్రాణం పోయాల్సినవాడు, అందరికన్నా ముందు తనే చస్తాడు. అన్నయ్య నాయకుడు. "ఎడమ నాది" అంటూ తలుపు తన్ని ముందు దూరేది ఆయనే.

అలాంటి మనిషి ఈ ఏడాది మొదట్లో వరసగా చావడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ ఎడమ పక్క నుంచే తూటా.

"తాటిచెట్టంత మనిషి నిలబడితే కనబడలేదా అండీ?" అని వదిన అరిచేది.

"బటన్లు సరిగ్గా పనిచెయ్యట్లేదే" అనేవాడు అన్నయ్య.

నా మిషన్ ఇచ్చాను. అందులోనూ బటన్లు పనిచెయ్యవట! తుపాకీలో ఎన్ని గుళ్ళు మిగిలాయో తెర ఎడమ మూలన అంకె పడుతుంది. అది సున్నా అయిపోయినా ఈయన ఉత్త తుపాకీని టకటకలాడిస్తున్నాడు. నాకు అనుమానం వచ్చింది. వదిన వంటింట్లోకి వెళ్ళగానే, అన్నయ్య ముఖానికి ఎడమ పక్కగా జానెడు దూరంలో చెయ్యి ఊపాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకాస్త ముందుకు తెచ్చి ఊపాను. ముక్కు దాకా వస్తే గానీ ఆయన తల ఎత్తలేదు. నాకు వెంటనే మా షెడ్డు గుర్తొచ్చింది.

ఎందుకంటే మా పని అలాంటిది. ఇనుప గొట్టాల షెడ్డులో అన్నయ్య క్రేన్ నడుపుతాడు, పైన గాజు క్యాబిన్‌లో కూర్చుని. ఆ రొదలో చెవి దగ్గర అరిచినా వినబడదు. అందుకని కింద ఒక మనిషి నిలబడి చేతులతో సైగలు చెయ్యాలి. పైకి, కిందికి, ఆపు. ఆ మనిషిని నేను. గొట్టాల కట్టకు గొలుసులు బిగించి, అది లారీ మీదికి దిగేదాకా పక్కనుండి సర్దేది మా ఆయన. అంటే నా మొగుడు పొద్దస్తమానం మా అన్నయ్య కళ్ళనూ నా చేతులనూ నమ్ముకుని బతుకుతున్నాడు.

మర్నాడు టీ తాగేటప్పుడు అడిగేశాను. అన్నయ్య గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

"ఒకరోజు పొద్దున్నే తల తిరిగింది. అప్పట్నుంచీ ఎడమ పక్క లేదు. చీకటి కూడా కాదే, అసలా పక్కే లేదు."

"లే, డాక్టరు దగ్గరికి పద."

"పోతే కాగితం రాస్తాడు. కాగితం రాస్తే క్యాబిన్ దిగాలి. ఇరవై ఆరేళ్ళు పైన కూర్చున్నవాణ్ణి, కింద చీపురు పట్టుకోమంటావా?"

"అన్నయ్యా, కింద ఉండేది మా ఆయన!"

"తెలీదా నాకు? నువ్వు కుడిపక్క నిలబడు చాలు. నీ చెయ్యి కనబడితే అన్నీ కనబడినట్టే నాకు. మీ వదినకి మాత్రం చెప్పకే, నీకు దణ్ణం పెడతాను."

కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయన. ఆ సైగలు నేర్పింది ఆయన. ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. కాదనడానికి నోరు రాలేదు. కాదనాల్సింది. ఇప్పుడు నెత్తి మొత్తుకుంటే ఏం లాభం?

పైగా నేనొక తెలివితక్కువ ధైర్యం చెప్పుకున్నాను. పది రోజుల్లో కంపెనీవాళ్ళ కంటి పరీక్ష ఉంది. అందులో ఎలాగూ దొరికిపోతాడు, నేను నోరు విప్పక్కర్లేదు, అన్నను పట్టించిన చెల్లెలన్న పేరూ రాదు. తీరా చూస్తే ఆ పాడు పరీక్షలో ఏముంది? ఎదురుగా కుర్చీ, గోడ మీద అక్షరాలు. అన్నయ్య తల ఓ పిసరు తిప్పుకుని గడగడా చదివేసి వచ్చాడు. సంతకం పెట్టి ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ కాగితం నా ముఖం మీద ఊపుతూ, "చూశావా?" అన్నాడు. చదువుకున్న డాక్టరే బాగుందని రాశాక నేనెవర్ని చెప్పడానికి అనుకున్నాను. ఆ మాట నాకు హాయిగా కూడా అనిపించింది.

మొత్తం ఏడు వారాలు. షెడ్డులో రోజూ కుడిపక్కే నిలబడ్డాను. ఇంట్లో ఆటలో ఎడమ పక్క నేను తీసుకున్నాను. "ఎడమ నేను చూసుకుంటాను, నువ్వు తలుపు తన్ను" అన్నాను. గెలవడం మొదలుపెట్టాం. ఎన్నడూ దాటని బిల్డింగులు దాటేశాం. మా ఆయన కూడా చావడం తగ్గించాడు. "మీ అన్నయ్య మళ్ళీ దారిలో పడ్డాడే" అని వదిన ఒకటే సంబరం. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

ఆ గురువారం పొద్దున నేను నిలబడే చోట సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఒకటి చెడి ఆగిపోయి ఉంది. తియ్యమని దాని డ్రైవరుతో పోట్లాడాను. మెకానిక్ వస్తేగానీ కదలదన్నాడు. ఇటు లారీవాడు తొందరపెడుతున్నాడు. ఈ ఒక్క కట్టేగా అనుకుని ఎడమ పక్కకు వెళ్ళి, పైకి చెయ్యి ఊపాను. అన్నయ్య బాగా తల తిప్పి నన్ను వెతుక్కున్నాడు. చూశాడు. సరేనన్నట్టు తల ఊపాడు. దించమని సైగ చేశాను. దించు అంటే, మళ్ళీ ఆపు అనేదాకా దించడమే మా పద్ధతి.

ఆయన తల లోడు వైపు తిరిగింది. కట్ట దిగుతోంది. ఒక గొలుసు మెలిపడింది. మా ఆయన దాన్ని లాగడానికి లారీ అంచుకూ గొట్టాలకూ మధ్య చెయ్యి పెట్టాడు. ఆయనా ఎడమ పక్కనే ఉన్నాడు. నేను ఆపమని చెయ్యి చాచాను. కట్ట దిగుతూనే ఉంది. రెండు చేతులూ ఎత్తాను. గెంతాను. గొంతు చించుకుని అరిచాను. గాజులోంచి అన్నయ్య ముఖం స్పష్టంగా కనబడుతోంది. ఏ కంగారూ లేకుండా, ఎప్పటిలాగే జాగ్రత్తగా దించుతున్నాడు.

మా ఆయన కుడిచేతి వేళ్ళు నాలుగు పోయాయి.

మధ్యాహ్నం సేఫ్టీ ఆఫీసరు మా ఇద్దరినీ పిలిచాడు.

"ఆపమని సైగ వచ్చిందా?" అని అన్నయ్యను అడిగాడు.

"లేదు సార్. ఆపమని ఎవరూ చెప్పలేదు."

అబద్ధం చెబుతున్నాడా అని ముఖంలోకి చూశాను. కాదు. ఆయన మటుకు ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

"చెప్పాను సార్! రెండు చేతులూ ఎత్తాను. ఆయనకి ఎడమ పక్క కనబడదు."

ఆఫీసరు కలం ఆగింది. "ఈ సంగతి నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

అన్నయ్య రెండు చేతుల్లో ముఖం కప్పుకున్నాడు. ఏడు వారాలని చెప్పాను. ఆఫీసరు రాసుకున్నాడు. ఇద్దరినీ పనిలోంచి ఆపేశారు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేసరికి వదిన గుమ్మంలో ఎదురైంది. షెడ్డు నుంచి ఎవరో ఫోన్ చేసి అంతా చెప్పారట. నన్ను చూసి కూడా ఆగకుండా వెళ్ళిపోయింది. మా ఆయన చేతికి పెద్ద కట్టు. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి, పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

"ఏడు వారాలా?" అన్నాడు.

"నేను కుడిపక్క ఉంటున్నాను కదా అని… ఏం కాదనుకున్నానండీ."

"నాకు చెప్తే ఏం చేసేవాణ్ణనుకున్నావ్? మీ అన్నయ్య మీద ఫిర్యాదు పెడతాననుకున్నావా?"

"అది కాదండీ…"

"పెట్టేవాణ్ణి కాదేమో. తెలిసి కూడా కింద నిలబడేవాణ్ణేమో, మీ ఇద్దరి కోసం. ఏమో." తల నా వైపు తిప్పాడు. "నన్ను ఒక్క మాట అడగలేదు నువ్వు."

దాహంగా ఉందేమోనని గ్లాసులో నీళ్ళు పోసి నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బల్ల మీద పెట్టాను. కాసేపటికి బాగున్న చెయ్యి చాచాడు. గ్లాసు అందలేదు. నేను కాస్త జరిపితే అందేది. జరిపితే తీసుకోడని తెలిసి, ఆ చెయ్యి మళ్ళీ మళ్ళీ చాస్తుంటే చూస్తూ కూర్చున్నాను.